తెరచాప ఎత్తని జంతువు

బొలోన్యా
1553 సెప్టెంబరు 4

అక్కా,

నువ్వు పంపిన బుట్ట అందింది. అందులో ఏముందో మాత్రం ఇంతవరకు ఎవరికీ తెలియలేదు. మూత తీయగానే వంటావిడ ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తింది. లత్తాంజియో డాక్టరుగారు ఒకదాన్ని పటకారుతో ఎత్తి, కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, "ఇది జంతువా, ఎవరి చెప్పయినా నానిందా?" అన్నారు. నేను సముద్రపొడ్డు కియోజ్జావాణ్ణి కదా, నాకు తెలుసుననుకుని నా మొహం చూశారు. నేను నేల చూశాను.

సంగతేమిటంటే, డాక్టరుగారు రాస్తున్న పుస్తకం చేపల గురించి కాదు. సముద్రంలో ఎముకా నెత్తురూ లేని వాటన్నిటి గురించి. పీతలు, నత్తలు, నక్షత్ర చేపలు, సిరా కక్కేవి, రాతికి అంటుకుని బతికేవి. ఒక్కొక్కదానికీ ఒక బొమ్మ. ఆ బొమ్మని బేరిపండు చెట్టు చెక్క మీదికి ఎక్కించి, ఉలితో చెక్కి, అచ్చుకి సిద్ధం చేయడం నా పని. కానీ నేను సముద్రం చూసి నాలుగేళ్ళయింది. చచ్చి, ఎండి, ముడుచుకుపోయినదాన్ని చూసి బతికున్నప్పుడు ఎలా ఉండేదో ఊహించి గీస్తే అది జంతువు కాదు, నా తలకాయ.

అందుకని నీకో మాట. నువ్వే గీయి. నాన్న మనిద్దరికీ పడవ ముక్కుల మీద రంగులతో కళ్ళు వేయడం నేర్పినప్పుడు నీ చేయే మంచిదనేవాడు. నా ముందే అనేవాడు, మహానుభావుడు. బావ వలలో పడ్డవాటిని ఉప్పునీళ్ళలో ఉంచి, ప్రాణం ఉండగానే గీసి, రంగులు వేసి పంపు. నత్త చిప్ప ఎటు తిరిగి ఉంటే అటే వెయ్యి. అచ్చులో కుడి ఎడమవుతుంది, ఆ తిప్పుడు నేను చూసుకుంటాను.

ఇక్కడ అన్నీ పంది మాంసమే. ఒక్క సార్డీను చేప కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

నీ తమ్ముడు
బొర్తొలో

కియోజ్జా
అక్టోబరు 2

ఒరే బొర్తొలో,

చెప్పట! అది సముద్ర దోసకాయ. నువ్వు చిన్నప్పుడు దాన్ని నొక్కి నా మీద నీళ్ళు చిమ్మించేవాడివి. నాలుగేళ్ళు కొండవాళ్ళ మధ్య ఉంటే అదీ మర్చిపోయావు.

బొమ్మలు ఆరు పంపుతున్నాను. వీటికోసం మా ఇంట్లో జరిగిన యుద్ధం నీకు తెలియాలి. మెనెగా అత్తయ్య పిండి కలిపే బాన తీసుకుని అందులో ఉప్పునీళ్ళు పోశాను. "అందులో నేను రొట్టెకి కలుపుతానే!" అని ఆవిడ. "అమ్మా, ఉప్పు వేరే వేయక్కర్లేదులే," అని మీ బావ నదాల్. రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు ఆవిడ.

రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునేది ఉందే, దానితో చచ్చాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటేనే విచ్చుకుంటుంది. నేను కుంచె ముంచేసరికి అత్తయ్య ఏదో అరుస్తుంది, అది పిడికిలిలా మూసుకుంటుంది. చివరికి నదాల్ వాళ్ళమ్మని చర్చికి పంపి, తను గుమ్మంలో కాపలా కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "లోపల పురుడు జరుగుతోంది" అని చెప్పాడు. ఇప్పుడు వీధంతా బిడ్డేదని అడుగుతున్నారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళకి ఇదీ నా కాన్పు.

ఎరుపు చూడు. పడవలకు వేసే ఎర్రమట్టిలో కొంచెం నీలిమందు కలిపాను. నీళ్ళలోంచి తీస్తే ఆ రంగు ఉండదు, అందుకే చేయి నీళ్ళలోనే ఉంచి చూస్తూ వేశాను. వేళ్ళు నానిపోయాయి.

నదాల్ నిన్ను అడగమన్నాడు: "చదువుకున్నవాళ్ళు తినడానికి పనికిరాని వాటికే పేర్లు పెడతారెందుకు?" జవాబు రాయి, రోజూ అడుగుతున్నాడు.

సార్డీన్లు ఉల్లిపాయలేసి ఊరబెట్టి ఒక కుండ పంపుతున్నాను. డాక్టరుగారికి పెట్టకు, బొమ్మ వేయమంటాడు.

అక్క
ఒర్సోల

బొలోన్యా
నవంబరు 5

అక్కా,

బావకి చెప్పు: తినగలిగేవాటిని పేరు పెట్టేలోపే తినేస్తాం కాబట్టి.

నీ బొమ్మలు బల్ల మీద పరిచాను. డాక్టరుగారు ఆ ఎర్ర పువ్వు జంతువు మీద వేలు పెట్టి, తడిగా ఉందేమోనని చూసుకున్నారు.

ఇక అసలు విషయం. ఆయన మనసంతా ఒకదాని మీద ఉంది. తెల్లటి చిప్ప, కాగితమంత పలచన, గీతలు గీతలుగా ఉంటుందట. లోపల చిన్న ఆక్టోపస్. పాత గ్రంథాల్లో రాశారు, అలలు లేని రోజున అది పైకి తేలి, రెండు చేతులు తెరచాపలా ఎత్తి, మిగిలినవాటితో తెడ్డు వేసుకుంటూ పోతుందని. నాన్న ఒకసారి ఖాళీ చిప్ప తెచ్చాడు, గుర్తుందా? బతికున్నది ఎవరూ గీయలేదు. అది మన పుస్తకంలో ఉంటే ఇక వేరే పుస్తకం ఎవరూ తెరవరంటున్నారు. లోతు నీళ్ళలో ఉంటుంది. రేవు దాటి బాగా బయటికి వెళ్ళాలి.

బావని బతిమాలు. కాదంటే రెచ్చగొట్టు. "నీ వల్ల కాదులే" అంటే చాలు, ఆయన సంగతి నాకు తెలుసు.

బొర్తొలో

కియోజ్జా
నవంబరు 30, ఆండ్రూ పండుగ

బొర్తొలో,

నీ ఉత్తరం అందింది.

నదాల్ చనిపోయాడు. పద్నాలుగో తారీఖు పొద్దున్నే రేవు దాటి వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఈశాన్యపు బోరా గాలి లేచింది. పడవ మర్నాడు పెలెస్త్రీనా ఒడ్డున దొరికింది, తలకిందులుగా. ఆయన ఆరో రోజున దొరికాడు. బూట్లని బట్టి గుర్తుపట్టాం. ఇరవై ఒకటిన పూడ్చిపెట్టాం. జాలర్ల సంఘం వాళ్ళు కొవ్వొత్తులు పెట్టారు. వాన పడింది.

అత్తయ్య ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందని అందరూ ఎదురుచూస్తున్నారు. పక్కింటావిడ రోజూ వచ్చి నా మొహం చూసి వెళ్తోంది.

ఈ పెట్టెలో పీతలు రెండు, సిరా చేప ఎముకలు, ముళ్ళ చిప్పలు ఉన్నాయి. గీసిన బొమ్మలు, మఠంలోని ఫ్రా జెర్వాజో ఫెరారా మీదుగా మీ ఊరే వస్తున్నాడు కాబట్టి ఆయనకిచ్చాను. ఉత్తరం మాత్రం ఆయన చేతికివ్వలేదు. చదివి, వెనక్కొచ్చి నన్ను ఓదారుస్తాడు. అందుకని పెట్టెలో పెట్టి ఉప్పు పడవలో వేస్తున్నాను.

బొమ్మలు ఎందుకు వేశానని అడగకు. బానలో ఆయన తెచ్చినవి ఇంకా బతికే ఉన్నాయి. ఊరికే చచ్చిపోతాయని వేశాను.

ఒర్సోల

బొలోన్యా
డిసెంబరు 20

అక్కా,

ఫ్రా జెర్వాజో బొమ్మల చుట్ట ఇచ్చాడు. ఉత్తరమేదీ అంటే, "పెట్టెలో ఉందని చెప్పింది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు కానీ గుమ్మంలోనే డాక్టరుగారు ఆయన్ని పట్టుకుని సముద్రపు పేల గురించి అడగడం మొదలుపెట్టారు. పాపం ఆయన పారిపోయాడు. పెట్టె ఇంకా రాలేదు. వెనీసు వైపు జ్వరాలున్నాయని ఫెరారా సరిహద్దులో సరుకంతా ఆపేశారట. విడి ఉత్తరాల్ని మాత్రం వెనిగర్ పొగ పట్టి వదులుతున్నారు.

కోప్పడకుండా విను. ఈసారి రంగులేవీ? అన్నీ నల్ల సిరాతో గీశావు. గీత బాగుంది, నిజం చెప్పాలంటే ఇదివరకటి కంటే బాగుంది, పీత కాలు మీద వెంట్రుక కూడా వదల్లేదు. కానీ డాక్టరుగారు "రంగులు అయిపోయాయా?" అని అడిగారు.

తెల్ల చిప్పది దొరికిందా? బావ చలికి మూల కూర్చుని ఉంటాడు, నాకు తెలుసు. గాలి ఉందనీ, అల ఉందనీ వంకలు చెప్తాడు. సోమరిపోతు! కాస్త కదలమను. ఆయనొక్కరోజు లేచి బయటికి వెళ్తే నా బతుకు మారిపోతుంది.

పండుగ బాగా చేసుకోండి. బావకి నా తరపున ఒక గ్లాసు ఎక్కువ పొయ్యి.

బొర్తొలో

కియోజ్జా
1554 జనవరి 15

బొర్తొలో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట తప్పు చదివాననుకున్నాను.

కోపం వస్తుందేమో అని కూర్చుని చూశాను. రాలేదు. కాసేపటికి బానలో నీళ్ళు మార్చడానికి లేచాను.

నువ్వు సోమరిపోతు అన్నది అత్తయ్యకి చదివి వినిపించలేదు. నదాల్ ఇక ఎక్కడికీ వెళ్ళడు, తెల్ల చిప్ప కోసం ఆయన్ని నమ్ముకోకు. పడవ అమ్మేశాం. కొన్నవాళ్ళు ముక్కు మీది కళ్ళు చెరిపి వేరే వేయించుకున్నారు. నన్నే వేయమన్నారు. వేశాను.

రంగుల సంగతి అడిగావు. రంగులు కనిపిస్తూనే ఉన్నాయి. నారింజ రంగు నక్షత్ర చేప నారింజగానే ఉంది. గిన్నెలో కలుపుతున్నాను కూడా. ఆ తర్వాత కుంచె కడిగేస్తున్నాను.

బొమ్మలు తొమ్మిది. ఆపమంటే ఆపుతాను.

ఒర్సోల

బొలోన్యా
ఫిబ్రవరి 10

అక్కా,

ఏం జరుగుతోంది అక్కడ? పడవ అమ్మేస్తారా? బావ నాకొక్క మాట రాయించకుండా, నాన్న చేత్తో కళ్ళు వేసిన పడవని అమ్మేస్తాడా? మీరిద్దరూ పోట్లాడుకున్నారా? నువ్వు రాసిన తీరు చూస్తే ఆయన పేరెత్తడం కూడా నీకు ఇష్టం లేనట్టుంది. తాగుతున్నాడా? ఉప్పు మడుల్లో కూలికి పోయాడా? ఏదైనా నాతో చెప్పు. లేకపోతే ఆయన్నే పలక మీద ఒక గీత గీయమను, నాకు అర్థమవుతుంది.

నా మీద కూడా నీకేదో కోపం ఉంది. ఎందుకో తెలిస్తే బాగుండు. నేను దాచినది ఒకటుంది, దాని గురించేనేమో, ఎవరైనా చెప్పారేమో. సరే, నేనే చెప్తాను. డాక్టరుగారు ఆ బొమ్మలు నావే అనుకుంటున్నారు. నువ్వు జంతువుల్నీ, గుర్తుకి ముతక గీతల్నీ పంపుతావనీ, నేను వాటిని చూసి గీస్తాననీ. ఆయన మొదటిసారి "నీ చేయి దేవుడి చేయి" అన్నప్పుడు నేను కాదనలేదు. రెండోసారి కాదనడానికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఊళ్ళో నాకు వందనం చేసేవాళ్ళున్నారు.

తిట్టు. కానీ రాయి.

బొర్తొలో

బొలోన్యా
మార్చి 3

అక్కా,

పెట్టె ఇవాళ వచ్చింది.

డాక్టరుగారి ముందే మూత తీశాను. ఆయన ముళ్ళ చిప్పలు ఏరుకుంటున్నారు, నేను నీ ఉత్తరం చదువుతున్నాను. "పీత కాలు విరిగింది," అన్నారాయన. నేను అవునన్నాను. తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు. వంటావిడ చెప్పింది, నేను పెరట్లో బావి గట్టు మీద కూర్చుని ఉన్నానని.

పద్నాలుగో తారీఖు. నేను ఐదున రాశాను. తొమ్మిది రోజులు. నేను రాశాను, రేవు దాటి బాగా బయటికి వెళ్ళమని. రెచ్చగొట్టమని రాశాను. ఆ తర్వాత సోమరిపోతన్నాను, గ్లాసు పొయ్యమన్నాను, తాగుతున్నాడా అని అడిగాను. మూడు నెలలు నువ్వు ఇదంతా చదువుకుంటూ కూర్చున్నావు. తెలిసే రాస్తున్నానని అనుకుంటూ.

బావని నేను చంపాను. ఇంకో మాట లేదు.

నీకు నా మొహం చూడాలని లేకపోతే చూపించను. కానీ ఏదైనా రాయి. ఒక్క ముక్క.

బొర్తొలో

కియోజ్జా
మార్చి 28

బొర్తొలో,

నీ ఉత్తరం అందింది. నీకు తెలియదని నాకు తెలియదు. తెలిసే రాస్తున్నావనుకున్నాను. ఆ విషయం తీరిపోయింది.

నదాల్ గురించి నువ్వు రాసింది చదివాను. దాని గురించి రాయడం ఇప్పుడు నాకు చేతకాదు.

మొన్న బుధవారం ముసలి తోదారో వచ్చాడు, నదాల్ వాళ్ళ నాన్నతో కలిసి వేటకి వెళ్ళేవాడే, ఆయన. బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మాయీ, నువ్వు పనికిరానివి కొంటావటగా?" అన్నాడు. కొననన్నాను. "సరే, ఊరికే చూడు," అని బకెట్ కింద పెట్టాడు. నువ్వడిగిన తెల్ల చిప్పది. బతికే ఉంది.

బానలోకి మార్చి చూశాను. పిడికిలంత ఉంది. చిప్ప లోపల వెనక్కి ఆనుకుని కూర్చుని, పెద్ద కన్నొకటి బయటపెట్టి నన్ను చూసింది. రెండు చేతులు వెడల్పుగా, పలచటి తోలులా ఉన్నాయి. వాటిని పైకి ఎత్తలేదు. చిప్పకి రెండు పక్కలా దుప్పటిలా కప్పి, గట్టిగా పట్టుకుంది. గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు, నాలుగు గంటలు చూశాను. ఒక్కసారి కూడా ఎత్తలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ వెనక్కి కదిలింది, అంతే. వేలు పెడితే ఒళ్ళంతా ఎర్రబారింది, తీస్తే తెల్లబడింది. ఆ చేతులు చిప్పని పట్టుకోవడానికే. ఇంక దేనికీ కాదు.

మధ్యాహ్నానికి చచ్చిపోయింది. చేతులు జారాయి, చిప్ప విడిపోయి పక్కకి పడింది. దాని ఒంటికి అది అతుక్కుని లేదు. అన్నాళ్ళూ పట్టుకునే ఉంది.

బొమ్మలు మూడు. రంగులు వేశాను. ఎందుకో తెలియదు, అది రంగు మారుతుంటే నల్ల సిరాతో కుదరలేదు.

బొమ్మలు నీవని చెప్పుకున్నావని రాశావు. సరే. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెక్కు. తెరచాప లేదు.

ఒర్సోల

బొలోన్యా
ఏప్రిల్ 17

అక్కా,

ఈ ఉత్తరం నాకంటే కొద్దిరోజులు ముందొస్తుంది. నేను ఇక్కడ పని వదిలేశాను. వదిలేశాను అనుకోవాలో, గెంటేశారు అనుకోవాలో, విని నువ్వే చెప్పు.

నీ మూడు బొమ్మలు చూసి డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "అద్భుతం. తెరచాప ఏది?" అన్నారు.

"లేదండీ. ఎత్తలేదట."

"ఎత్తలేదట! పద్నాలుగు వందల ఏళ్ళుగా పండితులంతా రాస్తున్నారు. మీ ఊళ్ళో చేపలమ్మే ఆవిడ బానలో చూడలేదని నేను తెరచాప దించెయ్యాలా? చేతులు పైకి తిప్పి గీయి. కింద రెండు అలలు వెయ్యి."

"ఆవిడ చూసినది చూసినట్టే గీసిందండీ."

"గీసింది నువ్వు కదా?"

అప్పుడు చెప్పాను. "కాదండీ. ఆరు నెలలుగా మీరు మెచ్చుకుంటున్న చేయి నాది కాదు. మా అక్కది. ఈ జంతువు కోసం రాసి మా బావని సముద్రం మీదికి పంపాను. ఆయన తిరిగి రాలేదు. దీని మీద నేను ఒక్క అబద్ధపు గీత గీయను."

ఆయన బొమ్మలు తన వైపు లాక్కుని, "మీ బావ సంగతికి విచారిస్తున్నాను," అన్నారు. "అయినా తెరచాప కావాలి. నువ్వు కాకపోతే ఇంకొకరు చెక్కుతారు." నా ఉలులు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. బొమ్మలు మూడూ ఇవ్వలేదు. అడిగాను, ఇవ్వలేదు. పుస్తకంలో అది తెరచాప ఎత్తుకునే వస్తుంది, నేను ఆపలేకపోయాను.

నాకేం బాధగా లేదు. బావ ప్రాణానికి నేను చేయగలిగింది ఇంతే. ఇక మీ ఇంట్లో నీళ్ళు మోస్తాను, పడవలకు కళ్ళు వేస్తాను, మెనెగా అత్తయ్య తిడితే పడతాను. ఫెరారాలో రేవు పక్క సత్రంలో ఉంటాను, శుక్రవారాల్లో బయల్దేరే ఉప్పు పడవ కోసం. ఈ జ్వరాల వల్ల సరిహద్దు దాటనిచ్చే చీటీ ఇచ్చేసరికి రెండు వారాలు పట్టేట్టుంది.

నీ తమ్ముడు
బొర్తొలో

కియోజ్జా
ఏప్రిల్ 26
ఫెరారా, రేవు సత్రంలో బొర్తొలోకి

బొర్తొలో,

ఇది నువ్వు పడవెక్కేలోపు అందాలని తోదారో మనవడి పడవలో పంపుతున్నాను. ఎదురుగా ఉంటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

తెల్ల చిప్ప జంతువు కోసం నువ్వు రాసిన ఉత్తరం నాకు నవంబరు ఇరవై ఐదున అందింది, కేథరీన్ పండుగ రోజున. పో నదికి వరదొచ్చి పడవలు ఆగిపోయాయని తెచ్చినవాడు చెప్పాడు. అప్పటికి నదాల్‌ని పూడ్చి నాలుగు రోజులైంది. ఆ ఉత్తరం ఆయన చూడలేదు, వినలేదు. నువ్వు ఆ జంతువుని అడిగావని కూడా ఆయనకి తెలియదు.

ఆయన సార్డీన్ల కోసం వెళ్ళాడు. రోజూ వెళ్ళినట్టే. పొద్దున నేను పడుకునే ఉన్నాను. "రొట్టె మిగిలిందా?" అని అడిగాడు. "చూసుకో" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం. గాలి లేచింది. రోజూ అలాంటి గాలి నుంచి తిరిగొచ్చే మనిషి.

నువ్వు మార్చిలో "నేను చంపాను" అని రాసినప్పుడే నాకు తారీఖు గుర్తుంది. రాయలేక కాదు, రాయకూడదనే రాయలేదు. "చేతకాదు" అన్నది అబద్ధం. అది చదివిన రోజు నాకు మొదటిసారి కొంచెం తేలికగా అనిపించింది, బొర్తొలో. ఇన్నాళ్ళూ ఎవరి మీదా వేయడానికి లేదు. గాలి మీద వేయలేను, చేపల మీద వేయలేను. నువ్వొచ్చి సగం ఎత్తుకున్నావు. కొన్నాళ్ళు ఉండనీ అనుకున్నాను. ఆ రోజు భోజనం కూడా రుచిగా తిన్నాను.

ఇప్పుడు నువ్వు దాని కోసం పని పోగొట్టుకున్నావు. నేను ఇంత దూరం వస్తుందనుకోలేదు. అనుకున్నా ఆపి ఉండేదాన్నో లేదో తెలియదు.

ఇది చదివాక నీకు నా మీద కోపం వస్తే అది సరైనదే. లత్తాంజియో డాక్టరుగారికి ఒక ఉత్తరం దీనితో పాటు పెట్టాను. బొమ్మలు నేను గీశాననీ, ఆయనకి కావలసినన్ని ఇంకా గీసి పంపుతాననీ, నా పేరు ఎక్కడా వేయనక్కర్లేదనీ, నిన్ను మళ్ళీ పనిలో పెట్టుకోమనీ రాశాను. తెరచాప గురించి ఏమీ రాయలేదు. కావాలంటే అది పట్టుకుని వెనక్కి వెళ్ళు. వద్దనుకుంటే చించెయ్యి.

వస్తే, ఇంట్లో మేడ మీది గది ఖాళీగా ఉంది. నీ చేత ఆ నింద మోయించానని అత్తయ్యకి నిజం చెప్పాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇవాళ పొద్దున్న మాత్రం, "వాడు చేపలు తింటాడా, లేక ఆ పంది మాంసమే కావాలంటాడా?" అని అడిగింది.

శనివారం మధ్యాహ్నం ఉప్పు పడవ వస్తుంది. నేను రేవుకి వస్తాను. అందులో నువ్వు లేకపోతే ఇంటికొచ్చి పని చూసుకుంటాను. వచ్చే శనివారం మళ్ళీ వస్తాను.

అక్క